పాదావలంబిని: ఒక జెట్‌స్కీ తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

కావ్యం మంగళంతో మొదలవ్వాలంటారు. ఈ పద్యం పాత గమ్ముతో మొదలవుతుంది. ఇలాంటిదానికి టీక రాయబోయేవాడికి ఏ దేవత దిక్కో తెలియదు గానీ, టీక ఎలా ఉండాలో చూపించిన గురువు మాత్రం మన దగ్గరివాడే. ఇవాళ మెదక్ జిల్లాలో కొల్చారం అని పిలిచే ఊరు కోలాచలం మల్లినాథసూరిది. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిపెట్టాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం కూడా పాటిస్తే ఈ వ్యాసం పావు పేజీలో అయిపోతుంది.

ఆయన టీకల పేర్లు చూసి దీనికి మొదట 'పాదబంధిని' అని పెట్టబోయాను. కాని ఇక్కడ కాలు బందీ కాకూడదు. నిలబడినప్పుడు పట్టు దొరకాలి, పడేటప్పుడు వదలాలి. అందుకని 'పాదావలంబిని'.

ఇక సందర్భం. జెట్‌స్కీ అనగానే మనకు బీచిలో డబ్బులిచ్చి, ముందొకరు వెనకొకరు కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చే బండి గుర్తుకొస్తుంది. ఈ పద్యం దాని గురించి కాదు. ఇది నిలబడి నడిపేది, స్టాండప్. సీటు ఉండదు. ముందు నుంచి మడతబందు మీద పైకి లేచే పొడుగాటి పోల్, దాని కొసన హ్యాండిల్, వెనక సగంలో రెండు పక్కలా గోడలున్న ట్రే. ఆ ట్రేలో నిలబడాలి. మట్టిలో మోటార్‌సైకిల్ పందేలు తోలిన క్లేటన్ జేకబ్‌సన్ అనే అమెరికన్, పడ్డప్పుడల్లా ఒళ్లు చెక్కుకుపోవడం విసుగెత్తి, అదేదో నీళ్ల మీదే పడితే నయం కదా అనుకున్నాడట. 1960లలో పుట్టిన ఆ ఆలోచనను 1973లో కవాసాకి కంపెనీ బజారుకు తెచ్చింది. అసలు జెట్‌స్కీ అన్నది కవాసాకివారి సొంత పేరు. మనం డాల్డా అన్నట్టు లోకమంతా అన్నిటికీ అదే వాడేస్తోంది. యమహావారు 1990లో తెచ్చిన స్టాండప్ పేరు సూపర్‌జెట్.

మనిషికీ ఈ బండికీ ఉన్న చుట్టరికమల్లా రెండు చేతులు, రెండు కాళ్లు. తిన్నగా సరస్సులో పోయేవాడికి అది చాలు. అల అంచు మీంచి గాల్లోకి లేచేవాడికీ, బండితో సహా వెనక్కి పల్టీ కొట్టేవాడికీ చాలదు. టూ-స్ట్రోక్ సూపర్‌జెట్ నూనె, పెట్రోలు పోయకముందే 139 కిలోలు. గాల్లో అది తనతో పాటు తిరగాలంటే రైడర్ దాన్ని కాళ్లతో లాక్కురావాలి. ఉత్త ట్రేలో నిలబడి లాగితే బండి కిందే ఉండిపోతుంది, మనిషి ఒక్కడే పల్టీ కొడతాడు. అందుకని ట్రే వెనక భాగంలో, గోడకూ నేలకూ కలిపి ఫైబర్‌గ్లాస్ చిప్పలు రెండు అతికించుకుంటారు. అవే ఫుట్‌హోల్డ్స్. వాటి చూరు కింద పాదం దూర్చి నిలబడతారు.

ఉత్త ఫైబర్‌గ్లాస్ తడిసిందంటే కాలు నిలవదు. పైగా గాల్లోంచి దిగిన ప్రతిసారీ ఆ చూరు పాదం మీది ఎముకకు తగులుతుంది. కాబట్టి లోపలంతా మెత్తని, గాళ్లు తీసిన ఫోమ్ మ్యాట్ పరవాలి. ఈ పద్యం ఆ పరిచే విధానం.

మూలం

*తే.గీ.*
పాత గమ్మును గీకియు బాగ తుడిచి,
జిగురు రెండింటి కద్ది, యా చెమ్మ యుడుగ
అంచు మొదలుగ గాలిరా కదిమి యదిమి
దినము నీటికి దవ్వుగా దీని నుంచు.

కర్తృత్వ విచారం

కవి ఎవరు? ఏ తాళపత్రంలోనూ ఈ పద్యం లేదు. టీక రాయాలంటే మూలం కావాలి. మూలం దొరక్కపోతే టీకాకారుడే రాసుకున్నాడు. మన చాటుపద్యాల సంగతి తెలిసినవాళ్లు దీనికేమీ ఆశ్చర్యపోరు. రేపు ఎవరైనా దీన్ని శ్రీనాథుడి ఖాతాలో వేసినా నాకు అభ్యంతరం లేదు, ఆయనకు ఉండవచ్చు.

యతులు సరిపోయాయి. మూడో పాదంలో 'రాక' మీద 'అదిమి' వచ్చి కలిసింది కాబట్టి అక్కడ యతి అచ్చుకు చెల్లుతుంది. రెండు పాదాలు నిలబెట్టడానికి నాలుగు పాదాలు ఖర్చయ్యాయి.

ప్రతిపదార్థం

*పాత గమ్మును* = ఇంతకు ముందున్న మ్యాట్ ఊడబీకగా మిగిలిపోయిన జిగురును. పాత మ్యాట్ లాగినప్పుడు మొత్తంగా ఊడిరాదు. పైపొర చేతికొస్తుంది, అడుగుపొర చిప్పనే పట్టుకుని ఉంటుంది. దాని కింద పసుపు తిరిగిన గమ్ము, గమ్ములో ఇసుక, ఇసుకలో ఎవరిదో వెంట్రుక. హీట్ గన్‌తో వెచ్చబరిచి గీకితే ఆ గమ్ము చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. ఎక్కువ వేడి పెడితే గమ్మూ కారుతుంది, కింద రంగూ పొంగుతుంది. మొండికేసిన చోట అసిటోన్‌లో తడిపిన గుడ్డ పరిచి కాసేపు వదిలేస్తే మెత్తబడుతుంది. చుట్టుపక్కల రంగు వేసిన భాగం ఉంటే అసిటోన్ దాన్నీ మెత్తబరుస్తుందని మరిచిపోకూడదు.

శంక: నిన్ననే కొని నిన్ననే బిగించిన కొత్త ఫుట్‌హోల్డ్‌కు పాత గమ్ము ఎక్కడిది? అప్పుడీ పాదం వ్యర్థం కాదా?

సమాధానం: కాదు. 'పాత గమ్ము' ఇక్కడ ఉపలక్షణం. అతుకును చెడగొట్టే పాత సరుకు ఏదున్నా ఆ మాటలోకే వస్తుంది. ఫైబర్‌గ్లాస్ సామాను అచ్చులో పోసి తీస్తారు. అచ్చుకు అంటుకోకుండా ముందుగా మైనం పూస్తారు. ఆ మైనం కొంత సామాను ఒంటికీ వస్తుంది. దేనికీ అంటకూడదని పూసిన పదార్థం మన జిగురుకు మాత్రం అంటనిస్తుందా? కాబట్టి కొత్తదాన్ని ఇంకా శ్రద్ధగా కడగాలి. అదీ గరుకు కాగితం పట్టక ముందే కడగాలి. లేకపోతే మైనాన్ని గీతల్లోకి మనమే రుద్ది పెట్టినట్టవుతుంది.

*గీకియు* = గీకి కూడా. 'గీకి' అంటే సరిపోయేచోట ఈ 'యు' ఎందుకు? గణం కోసమని తొందరపడి అనేవాళ్లుంటారు. వాళ్లది ఛందస్సు తెలిసిన అమాయకత్వం. 'యు' సముచ్చయార్థకం. గీకడంతో పాటు ఇంకో పని కూడా ఉందని సూచన. ఆ పని 80 నంబరు గరుకు కాగితంతో రుద్దడం. ఫుట్‌హోల్డ్ పైపూత అద్దంలా మెరుస్తుంటే జిగురుకు కాలూనడానికి చోటుండదు. మెరుపు పూర్తిగా చచ్చి, బూడిద రంగు పరుచుకునేదాకా రుద్దాలి. మ్యాట్ వీపును కూడా సన్నని కాగితంతో ఒకసారి తేలిగ్గా గరుకు చేయాలి. ఫైబర్‌గ్లాస్ పొడి చేతుల మీద పడితే సాయంత్రం దాకా దురద, ఊపిరిలోకి పోతే అంతకన్నా చెడ్డది. మాస్కు పెట్టుకొమ్మని కవి చెప్పలేదు, నేను చెబుతున్నాను.

*బాగ తుడిచి* = రెండు గుడ్డలతో. అసిటోన్ గుడ్డతో తుడిచిన వెంటనే పొడిగుడ్డతో ఎత్తాలి. అసిటోన్ దానంతట అది ఆరిపోతే మురికి కూడా ఉన్నచోటే ఉండిపోతుంది. తరువాత ఆ చోట వేలు పెట్టకూడదు.

(ఇక్కడ అధ్యాహారం.) మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య ఒక పెద్ద పని తప్పిపోయింది. మ్యాట్ కోయడం. పనంతటిలోకీ కష్టమైన దాన్ని కవి ఒక్క మాటలో కూడా ముట్టుకోలేదు. కవులు కత్తెర పట్టరని సరిపెట్టుకోవచ్చు గాని, టీకాకారుడు సరిపెట్టుకుంటే చదివినవాడి మ్యాట్ పాడవుతుంది.

ఫుట్‌హోల్డ్ లోపల తిన్నని చోటు అంటూ లేదు. అడుగున నేల ఒక వాలు, పక్క గోడ ఇంకో వాలు, చూరు లోపలి వంపు మూడోది. ఈ మూడింటికీ ఒకే ముక్క తొడగాలని చూస్తే మూలల్లో ముడతలు పడతాయి. మూడు ముక్కలుగా కోయడమే మంచిది. ముందు పల్చటి అట్ట తీసుకుని లోపల అదిమి, అంచు వెంట గోటితో గీత తీసి, కత్తిరించి, మళ్లీ పెట్టి చూసి, మళ్లీ కత్తిరించి, అది కుదిరాకనే మ్యాట్ మీద పరవాలి. అట్టను మ్యాట్ వీపు మీద పెట్టి గీస్తే బొమ్మ తిరగబడుతుందని గుర్తుండాలి. ఎడమ కాలికి కోసింది కుడి కాలికి తయారవుతుంది. గీసేటప్పుడే ప్రతి ముక్కకూ ఎడమ, కుడి, పై, కింద అని రాసి, ఎటు ముందుకో బాణం గుర్తు వేసుకోవాలి.

ఈ అలవాటుకు పూర్వాచారం కూడా ఉంది. అరిజోనాలో, కొలరాడో నది మీద కట్టిన పార్కర్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లే లేక్ హవాసు. జెట్‌స్కీ పందేల ప్రపంచ ఫైనల్స్ ఏళ్ల తరబడి అక్టోబరు నెలల్లో అక్కడే జరిగాయి. ఆ ఊళ్లో ఉన్న వంతెన లండన్ వంతెన. ఉత్తుత్తి నకలు కాదు, 1831 నాటి అసలుదే. 1968లో రాబర్ట్ మెకల్లక్ అనే వ్యాపారి లండన్ నగరం దగ్గర కొని, విప్పిన పైరాళ్లకు అంకెలు వేయించి, ఎడారికి తెప్పించి, 1971 నాటికి మళ్లీ నిలబెట్టాడు. అంత వంతెననే అంకెలు వేసుకుని అతికినప్పుడు, ఆరు మ్యాట్ ముక్కల మీద ఆరు మాటలు రాసుకోవడం నామోషీ కాదు.

మూలలు కోసుగా వదలకూడదు, గుండ్రంగా తిప్పి కోయాలి. ఊడడమంటూ మొదలైతే మూల దగ్గరే మొదలవుతుంది. బూటు జారినప్పుడు మొదట తగిలేది దానికే. అంచుల దగ్గర కాస్త సందు వదలాలి. గోడకు ఒరుసుకుంటూ కూర్చున్న ముక్క, పక్కదాని మీద కాలు పడ్డప్పుడు పైకి లేస్తుంది.

మందం సంగతి. మెత్తన ఎక్కువైతే సుఖం ఎక్కువవుతుందని చూరు కింద రెండు పొరలు వేసేవాళ్లున్నారు. నాకిది నచ్చదు. ఆ సందులో ఉండాల్సింది పాదం మాత్రమే కాదు, పాదం బయటికొచ్చే దారి కూడా. నీళ్లలోకి దిగేటప్పుడు తొడిగే బూటు వేసుకుని, బూటునూ మ్యాట్‌నూ తడిపి, కాలు దూర్చి, మడమ ఒక్కసారి తిప్పి లాగి చూడాలి. చేతి సాయం లేకుండా వచ్చేయాలి. రాకపోతే ఒక పొర తీసేయాల్సిందే. బండి ఒక వైపు, మనిషి ఒక వైపు పడుతున్నప్పుడు చీలమండ మధ్యవర్తిగా ఉండకూడదు.

*జిగురు* = కాంటాక్ట్ సిమెంట్.

*రెండింటికి అద్ది* = మ్యాట్ వీపుకూ, ఫుట్‌హోల్డ్‌కూ పూసి. ఒకదానికి పూస్తే చాలదా? చాలదు. ఇది తెల్ల ఫెవికాల్ జాతి కాదు. మన వడ్రంగి సన్‌మైకా అతికించేటప్పుడు ఫెవికాల్ ఎస్‌ఆర్ డబ్బా తెరిచి, ప్లైవుడ్‌కూ సన్‌మైకాకూ రెండింటికీ పల్చగా లాగి, గోడకానించి పెట్టి, టీ తాగడానికి వెళ్తాడే, ఆ జాతి. ఇంటి యజమాని వచ్చి 'పని ఆపి టీలేమిటి' అని గొణుగుతాడు. అప్పుడు జరుగుతున్నదే పని.

దీని లోపలున్నది రబ్బరు. నియోప్రీన్ అనే ఆ కృత్రిమ రబ్బరును 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో చేశారు. దాన్ని ఆవిరైపోయే ద్రవాల్లో కరిగిస్తే ఈ జిగురు. ద్రవం ఎగిరిపోగానే రెండు ముఖాల మీదా రబ్బరు పొర మిగులుతుంది. ఆ రెండు పొరలు ఒకదాన్నొకటి తాకాయంటే ఇటు గొలుసులు అటూ, అటు గొలుసులు ఇటూ చొచ్చుకుని ఒకటైపోతాయి. రబ్బరు పట్టుకునేది రబ్బరునే. ఒకవైపే పూస్తే రెండో వైపు దానికి చెయ్యి అందించేవాడుండడు.

పాఠాంతరం: 'జిగురు రెండింటి కద్ది' అన్నచోట 'వెనుక కాగితమూడ్చి' అని చదివే శాఖ ఒకటుంది. వాళ్లు వాడే మ్యాట్ వీపున జిగురు ముందే పూసి, మీద కాగితం అంటించి వస్తుంది. ఊడదీసి నొక్కడమే. బల్లపరుపు ట్రే మీద ఆ పాఠం బాగా పనిచేస్తుంది, ఒప్పుకోవాలి. ఫుట్‌హోల్డ్ వంపులో మ్యాట్ ఎప్పుడూ తిన్నగా సాగాలనే చూస్తుంది. అలా రాత్రింబవళ్లు లాగే అంచును కాగితం కింది జిగురు ఎంతకాలమని పట్టుకుంటుంది? ఈ శాఖలోనే వివేకులు అంచుల వెంట మాత్రం కాంటాక్ట్ సిమెంట్ పూస్తారు. అంటే పేరుకు ఆ పాఠం, ఆచరణకు మన పాఠం. ఛందస్సు కూడా వాళ్ల వైపు లేదు, అక్కడ యతి చెడుతుంది.

*ఆ చెమ్మ* = ఆ తడి. *ఉడుగ* = అణగిపోగా.

ఈ పద్యానికి ప్రాణం ఈ రెండు మాటల్లో ఉంది. పూసిన జిగురు నిగనిగలాడుతుంటుంది. చూసినవాడికి 'ఇప్పుడే కదా అంటించాలి' అనిపిస్తుంది. తడిగా ఉన్నదే అంటుకుంటుందని చిన్నప్పటి నుంచి అన్నం మెతుకులతో గాలిపటాలు అంటించిన చేతికి నమ్మకం. ఇక్కడ ఆ నమ్మకం పనికిరాదు. ఫైబర్‌గ్లాస్ ద్రవాన్ని పీల్చదు. మ్యాట్ తయారయ్యే ఈవీఏ ఫోమ్‌లో ప్రతి గాలిగదీ మూసే ఉంటుంది కాబట్టి అదీ పీల్చదు. తడి జిగురును ఈ రెండింటి మధ్యా పెట్టి మూసేస్తే లోపలి ద్రవం ఎక్కడికి పోతుంది? పోదు. రోజుల తరబడి అక్కడే ఉంటుంది. పైనుంచి చూస్తే అతుక్కున్నట్టే ఉంటుంది, మొదటి దూకుడుకు బూటుతో పాటు లేచొస్తుంది.

ఎంతసేపు ఆగాలి? డబ్బా మీద రాసి ఉంటుంది. సాధారణంగా పది, ఇరవై నిమిషాల వ్యవహారం. కాని గడియారం కన్నా వేలు మంచి సాక్షి. వేలి వెనకభాగంతో మెల్లిగా తాకాలి. వేలికి జిగురు అంటితే ఆగాలి. తీగ సాగితే ఆగాలి. కాస్త పట్టినట్టనిపించి, పొడిగా వదిలేస్తే వేళయింది. అన్నట్టు, మొదటి పూత పల్చగా పడి మచ్చలుగా కనబడిన చోట రెండో పూత వేసి, మళ్లీ మొదటి నుంచి ఆగాలి. ఈ సమయమంతా తలుపులు తెరిచి ఉండాలి. ఎగిరిపోతున్న ఆ ఆవిరి తలకెక్కుతుంది, నిప్పు కనబడితే అంటుకుంటుంది. ఆగేవాడు సిగరెట్ కాల్చుకుంటూ ఆగకూడదు.

కొందరు 'చెమ్మ' అంటే జిగురులోని తడి మాత్రమే అంటారు. అది చాలదు. గాలిలోని తడి కూడా గ్రాహ్యం. ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన కింద ఉన్న పొరను చల్లబరుస్తుంది. గాలి ఉక్కగా ఉన్న రోజున ఆ చల్లబడ్డ జిగురు మీద గాలిలోని నీరు మంచులా పడుతుంది. నిగనిగలాడిన జిగురు మీద తెల్లని మసక తెర పరుచుకుంటుంది. అంటే రెండు రబ్బరు పొరల మధ్యకు నీటి పొర వచ్చి కూర్చుంది. దాని మీద అంటించినది నిలవదు. మసక కనబడితే ఆగి, వెచ్చబరిచి, అది పోయాక ఇంకో పూత వేయాలి. హవాసు ఎడారిగాలిలో ఈ బెడద తక్కువ. అక్కడ బెడదంతా మొదటి కాలికి పూసి రెండో కాలి దగ్గరకు వెళ్లేసరికి మొదటిది మరీ ఆరిపోవడం. ఫ్లోరిడా తీరంలో వానాకాలం మధ్యాహ్నం చేసేవాడికి మాత్రం ఈ మసక తప్పదు. ఒకే పద్యం, ఒకే డబ్బా. అరిజోనాలో ఒకలా పారుతుంది, ఫ్లోరిడాలో ఒకలా పారుతుంది. 'ఆ చెమ్మ' అని కవి ఏ చెమ్మో చెప్పకుండా వేలు చూపి వదిలేయడంలోని ఔచిత్యం ఇదే. ఏ ఊళ్లో ఉన్నవాడికి ఆ ఊరి చెమ్మ.

*అంచు మొదలుగ* = ఒక అంచు దగ్గర మొదలుపెట్టి. ఆరిన రెండు ముఖాలు తాకాయంటే విడాకుల్లేవు. పక్కకు జరపడాలు, సర్దడాలు ఉండవు. కాబట్టి మైనపు కాగితం ముక్కను మధ్యలో పెట్టి, ఒక్క అంచును మాత్రం తాకనిచ్చి, అది గీతకు సరిగ్గా కూర్చున్నాక, కాగితాన్ని వేలెడు వేలెడు చొప్పున వెనక్కి లాగుతూ పోవాలి. ఆరిన జిగురు మైనపు కాగితానికి అంటదు. మ్యాట్ వంపు తిరగనంటే హీట్ గన్‌తో దూరం నుంచి వెచ్చబరిస్తే చెప్పినట్టు వింటుంది. ముందు లోతులోని అంచు, తరువాత బయటి అంచు. బయట మొదలుపెట్టినవాడికి లోతుకు చేరేసరికి ముక్క చాలదు, లేదా మిగిలిపోతుంది.

*గాలిరాక* = రెండు విధాల అర్థం. గాలి చొరకుండా అని ఒకటి. గాలి యొక్క రాకను అని ఇంకొకటి. చొరకుండా అదమడమైనా, వచ్చినదాన్ని అదమడమైనా చేయాల్సింది ఒకటే కాబట్టి ఏ పక్షమూ నష్టపోదు. అప్పటికీ బుడగ మిగిలితే సూదితో పొడిచి నొక్కాలి.

*అదిమి యదిమి* = గట్టిగా అదిమి. ఆమ్రేడితం వచ్చింది కాబట్టి చాలాసేపు అదమాలని ఒక వ్యాఖ్య. అది పొరపాటు. ఈ జిగురు పట్టు ఎంతసేపు నొక్కామన్న దాని మీద ఆధారపడదు, ఎంత బలంగా నొక్కామన్న దాని మీద ఉంటుంది. కాబట్టి ఆమ్రేడితం చోటును చెబుతోంది. ఈ అంగుళం అదిమి, పక్క అంగుళమూ అదిమి, అని. ట్రే నేల మీద రోలర్ నడుస్తుంది. చూరు లోపలికి రోలర్ దూరదు, అక్కడ బొటనవేలే రోలర్. వేలు చాలనప్పుడు చెక్క గరిటె వీపు మేలు. పని ముగిసేసరికి బొటనవేళ్లు పనిచేయడం మానేస్తాయి. వాటికి వేరే టీక అక్కర్లేదు.

*దినము* = 24 గంటలు. పగలు మాత్రమే అని అర్థం చెప్పుకుని, తెల్లవారి అంటించి సాయంత్రం నీళ్లలో దిగేవాళ్లున్నారు. అహోరాత్రం అనే చెప్పుకోవాలి. గొలుసులు చొచ్చుకునే పని, మిగిలిన కొద్దిపాటి ద్రవం అంచుల గుండా తప్పుకునే పని, చేతులు కడుక్కున్నాక కూడా లోపల సాగుతూనే ఉంటాయి.

*నీటికి దవ్వుగా* = నీటికి దూరంగా. పందెం ముందురోజు సరస్సు ఒడ్డున ట్రైలర్ మీద ఉన్న బండికి నీరు ఇరవై అడుగుల్లో ఉంటుంది. అది దవ్వు అవుతుందా? తడవనంతవరకూ అవుతుంది. కాని ఆ ఇరవై అడుగులూ మనిషికి చాలా దగ్గర.

*దీనిని* = పద్యమంతటిలోనూ వస్తువు ఊసు వచ్చేది ఈ ఒక్క సర్వనామంలోనే. జెట్‌స్కీ అనీ లేదు, మ్యాట్ అనీ లేదు. దీనిని అంటే మ్యాట్‌నని కొందరు, బండినని కొందరు. చెమ్మ ఉడిగిన తరువాత, అదిమిన తరువాత, ఆ రెండూ వేరు కావు గనుక ఏకవచనం సాధువే.

*ఉంచు* = ఉంచుము. క్రియలు లెక్కపెట్టండి. గీకి, తుడిచి, అద్ది, ఉడుగ, అదిమి, అదిమి. అన్నీ అసమాపకాలు. ఏదీ వాక్యాన్ని ముగించదు, ఒకదాన్ని పట్టుకుని ఒకటి ముందుకు తోస్తుంది. వాక్యం మొత్తానికి సమాపక క్రియ ఒక్కటే, ఉంచు. గీకడం అంగం, పూయడం అంగం, బొటనవేళ్లు అరిగేలా అదమడం అంగం. ప్రధానమైన విధి మాత్రం ముట్టుకోకుండా వదిలేయడం. మీమాంసకుడి చేతికిస్తే ఈ ఒక్క మాట మీద అధికరణం రాసేవాడు. 'చెమ్మ ఉడుగ' అన్నచోట కూడా జరిగేది అదే. పద్యంలో సగం పని, మనిషి ఊరికే నిలబడి ఉండగా జరిగేదే.

తాత్పర్యం

పాత జిగురు గీకి, గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, (అట్టతో కొలత తీసి మ్యాట్ కోసి,) రెండు ముఖాలకూ జిగురు పూసి, తడి పోయేదాకా ఆగి, ఒక అంచు నుంచి గాలి చొరనీయక నొక్కుకుంటూ పోయి, ఒక రోజు దాకా నీళ్లలో దించకుము అని భావము.

విశేషాలు

అలంకారం స్వభావోక్తి. రసం విషయంలో అభిప్రాయభేదం ఉంది. పల్టీలు, దూకుళ్లు ఉన్నాయి కాబట్టి వీరం అనేవాళ్లు పద్యం చదవలేదు, వీడియోలు చూశారు. పద్యంలో పల్టీ ఎక్కడా లేదు. మొదటి పాదంలో బీభత్సం మాత్రం నిస్సందేహంగా ఉంది, ఆ వెంట్రుకను చూసినవాడు ఒప్పుకుంటాడు.

శంక: ఇంత తతంగం దేనికి? డబ్బులిస్తే దుకాణం వాళ్లే చేసిపెడతారు కదా?

సమాధానం: చేస్తారు, శుభ్రంగానే చేస్తారు. కాని వాళ్ల దగ్గర ఉండనిది ఒకటుంది, ఈ బండి ఎక్కే మనిషి కాలు. ఎడమ పాదం ముందుకు పెట్టి నిలబడేవాడా, కుడి పాదమా, వేళ్లు బయటికి తిప్పుతాడా, బూటు పల్చనిదా, లావుదా, వీటిని బట్టి చూరు కింద మందం మారుతుంది. కాలు దూర్చి చూడకుండా మ్యాట్ కోసేవాడు కొలత లేకుండా జాకెట్టు కుట్టినవాడే.

శేషం

కోతలో మిగిలిన ముక్కల గురించి మూలంలో ఏమీ లేదు. ఫుట్‌హోల్డ్స్ వంకరటింకర వస్తువులు కావడం చేత షీటులో పాతిక శాతమో ముప్పయి శాతమో వృథా అవుతుందని కొనేటప్పుడే అనుకోవాలి. పెద్ద ముక్క మిగిలితే పోల్ మీద, హ్యాండిల్ దగ్గర అంటిస్తారు. దిగేటప్పుడు గడ్డం వెళ్లి కొట్టుకునేది అక్కడే. మధ్యరకం ముక్కను చుట్టి దాచాలి, ఊడబోయే మొదటి మూలకు అదే రంగు మళ్లీ దుకాణంలో దొరక్కపోవచ్చు. చిన్నవాటిని గ్యారేజీలో మోకాళ్ల కింద వేసుకోవచ్చు. మిగతా డబ్బా జిగురు మూత గట్టిగా బిగించి, తలకిందులుగా కాకుండా తిన్నగా పెట్టాలి.